బాపు ఇచ్చిన నాటౌట్

బాపు పోయిన మూడో రోజు అవ్వ, అంటే మా అమ్మ, నన్ను దగ్గరికి పిలిచి ఒక్కటే మాట అడిగింది.

"మీ మామ ఫోన్ ఎత్తిండా?"

ఎత్తాడు. వార్త విని "అయ్యో" అన్నాడు. "అక్క ఎట్లుంది?" అని అడిగాడు. వస్తానని మాత్రం అనలేదు. అంత్యక్రియలకు రాలేదు. ఉన్నది ఉన్నట్టు అవ్వకు చెప్పాను.

"పదకొండో దినానికి గూడ రాకుంటె ఇంకొకల చీర నేను కట్ట," అంది అవ్వ. ఏడవలేదు. దుప్పటి అంచు సరిచేసుకుంటూ అంది.

మా వైపు భర్త పోయిన మనిషికి పదకొండో రోజున పుట్టింటి వాళ్లు చీర తెచ్చి కట్టిస్తారు. తర్వాత తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి ఉంచుకుంటారు. నిద్రకు తీసుకుపోవడం అంటారు దాన్ని. ఆ రెండూ అయితేనే ఆమె మళ్లీ నలుగురిలోకి వచ్చినట్టు. అవ్వకు పుట్టిల్లంటే మిగిలింది ఒక్క తమ్ముడే. ఆ తమ్ముడు పందొమ్మిదేళ్లుగా మా గడప తొక్కలేదు. కారణం ఒక క్యాచ్.

నేను బతుకుదెరువుకు చేసే పని కూడా క్యాచ్‌లు చూడటమే. కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో పన్నెండు మందిమి కూర్చుని అమెరికా ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియోలకు గుర్తులు పెడతాం. పేరు ఫుట్‌బాలే గానీ ఆ ఆటలో కాలితో తన్నేది తక్కువ. రెండు కొసలూ మొనదేలిన బంతిని ఒకడు విసురుతాడు. దూరంగా పరుగెత్తుతున్న ఇంకొకడు దాన్ని నేలకు తగలకముందే పట్టుకోవాలి. పట్టినప్పుడు రెండు పాదాలూ గీతకు లోపలే ఆనాలి. బంతి చేతుల్లో అదుపులో ఉండాలి. దానితో ఒక అడుగు వేయడమో, చెయ్యి ముందుకు చాపడమో చేయగలిగేంతసేపు అది అతని దగ్గర నిలవాలి. కిందపడుతూ పట్టినవాడి సంగతి ఇంకా చిక్కు. బంతి నేలను తాకినా పట్టు సడలకపోతే క్యాచే. తాకినప్పుడు పట్టు తప్పితే కాదు. ఈ నిబంధనను వాళ్లు మార్చి మార్చి రాసుకున్నారు. మార్చిన ప్రతిసారీ కొత్త తగాదా. పెద్ద మ్యాచ్‌లో ఒక క్యాచ్ చెల్లదన్నందుకు ఊరంతా ఏళ్ల తరబడి రెఫరీని తిడుతూనే ఉంటుందని మా సూపర్‌వైజర్ చెప్పినప్పుడు ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెఫరీ మైదానంలో ఒక తీర్పు చెబుతాడు. ఆ తర్వాత వీడియో చూస్తారు. తీర్పు సరైనదని తేలితే ఖాయం చేస్తారు. తప్పని తేలితే తిప్పేస్తారు. అటూ ఇటూ తేలకపోతే నిలుస్తుంది అంటారు. నిలిచిన తీర్పు సరైనదని ఎవరూ చెప్పడం లేదు. తప్పని చూపడానికి చాలినంత కనిపించలేదని మాత్రమే చెబుతున్నారు.

నా పని అంతకన్నా చిన్నది. వేలు బంతిని తాకిన క్షణం, పాదం ఆనిన క్షణం, బంతి నేలను తాకిన క్షణం, వీటికి గుర్తులు పెట్టాలి. తెర మీద వరుసగా మీటలుంటాయి. చివరి మీట 'కనిపించడం లేదు'. ఎవరి వీపో మోచెయ్యో అడ్డం వస్తే దాన్ని నొక్కాలి. చేరిన కొత్తలో నేను దాన్ని నొక్కేదాన్ని కాదు. చేతకానిదాన్ననుకుంటారని ఊహించి గుర్తు పెట్టేదాన్ని. "మేడమ్, మీరు చూసింది పెట్టండి. అనుకున్నది పెట్టకండి," అని సూపర్‌వైజర్ అన్నాక మానుకున్నాను.

బాపు బెల్లంపల్లిలో బొగ్గు గని సర్దార్. షిఫ్టు మొదలయ్యేముందు దిగి, పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినడం, గ్యాస్ ఉందేమో చూడటం, బాగుందని పుస్తకంలో రాసి సంతకం చేశాకే మిగతావాళ్లను లోపలికి పంపడం ఆయన పని. ఆదివారాలు క్రికెట్ అంపైర్. తెల్లకోటును అవ్వ గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. గనిలో ఆయన మాట విని ప్రాణాలు లోపలికి తీసుకుపోయేవాళ్లే మైదానంలో ఆయన వేలు చూసి వెనక్కి తిరిగేవాళ్లు. ఎదురు మాట్లాడటం నేను చూడలేదు, ఆ ఒక్కసారి తప్ప.

అది రెండు గనుల మధ్య ఫైనల్. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అవ్వతో, కాలనీ ఆడవాళ్లతో షామియానా కింద కూర్చున్నాను. మామ బాపు పనిచేసే గనిలోనే ట్రామర్. బొగ్గు టబ్బులు తోసే పని. మా గని జట్టులో మిడాన్‌లో నిలబడేవాడు. అవతలి జట్టుకు ఇంకా పది, పదిహేను పరుగులు కావాలి. వాళ్లలో ఆడగలిగినవాడు ఒక్కడే మిగిలాడు. వాడు కొట్టిన బంతి మిడాన్ వైపు తక్కువ ఎత్తులో పోయింది. మామ ముందుకు దూకి బోర్లా పడ్డాడు. లేచి బంతిని పైకెత్తి చూపించాడు. మేమంతా లేచి అరిచాం. బ్యాట్స్‌మన్ కదల్లేదు. అందరూ బాపు వైపు చూశారు. బాపు చెయ్యి లేవలేదు.

మామ బట్టలకంటిన నల్లటి దుమ్ము దులుపుకోకుండానే నడిచి వచ్చాడు.

"బావా, వేళ్లు కిందున్నయ్. పట్టిన."

"నేలకు తగిలింది," అన్నాడు బాపు. "నేను చూసిన."

ఈ రెండు మాటలూ మాకు తర్వాత తెలిశాయి. కాలనీలో వందసార్లు విన్నాం. మ్యాచ్ ఓడిపోయాం. బావమరిది క్యాచ్‌కు ఔటిస్తే చుట్టరికం చూపించాడంటారని బాపు భయపడ్డాడని కొందరన్నారు. మామే నేల మీద నుంచి ఏరుకున్నాడని ఎక్కువమంది అన్నారు. సర్దార్ చూశానన్నాడంటే చూసినట్టే. క్యాంటీన్లో మామకు కొన్నాళ్లు టీ కూడా ప్రశాంతంగా దొరకలేదు.

"ఏంరో, మా పెరట్ల జామకాయలు రాలినయ్. వచ్చి క్యాచ్ పట్టుకపో."

"గట్టిగ అనకుర్రి, వాళ్ల బావ చూస్తడు."

ఆ వారంలోనే మామ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. వసారాలో నిలబడ్డాడు.

"నాటౌట్ ఇచ్చుడు నీ ఇష్టం బావా. నువ్వు అంపైర్‌వి. కని నేలకు తగిలింది అన్నవ్. అంటె నేను దొంగను, లంగనన్నట్టే గద?"

"తగిలింది. నేను చూసిన."

"మల్ల చూసిన అంటవ్! ఆ మాట వాపసు తీస్కునేదాక నీ గడప తొక్కితె ఒట్టు."

అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చేసరికి గేటు దాటిపోయాడు. తర్వాత కొన్నేళ్లకు ఆ గని మూతపడింది. మామ స్వచ్ఛంద విరమణ డబ్బు తీసుకుని, భార్య వాళ్ల ఊరు ఆదిలాబాద్ వెళ్లి, పత్తి జిన్నింగ్ మిల్లులో మేస్త్రీగా చేరాడు. అక్కాతమ్ముళ్లు ఏడాదికొకసారి బాసర గుడిలో కలిసేవాళ్లు. బాపు ఆ రోజు అవ్వను బస్సెక్కించి వచ్చేవాడు. తిరిగొచ్చాక "మంచిగున్నడా?" అని మాత్రం అడిగేవాడు.

చివరి నాలుగు నెలలు బాపు కరీంనగర్‌లో నా దగ్గరే ఉన్నాడు. ఊపిరితిత్తులు. నేను ఇంటి నుంచే పని చేసేదాన్ని. పొద్దుటి పూట మంచం మీద దిండ్లకు ఆనుకుని నా తెరను చూస్తుండేవాడు.

"గీళ్లెందుకే గిట్ల ఒకల మీద ఒకలు పడ్తున్నరు?"

"అదే ఆట బాపూ."

"జీతాల నాడు మా క్యాంటీన్ లైన్ లెక్కనే ఉన్నది."

పదిహేను రోజుల్లో నిబంధనలన్నీ నాతో చెప్పించుకుని పట్టేశాడు. నేను వీడియో ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే ఆయన ముందే చెప్పేవాడు. "కాలే. బంతి కదిలింది, చూడు." నూటికి తొంభై సార్లు ఆయనదే సరి. ఇరవై రెండు మంది జనం, ఏడుగురు అంపైర్లు, ఇన్ని కెమెరాలు పెట్టుకుని కూడా కొట్లాడుకుంటున్నారని ఆయనకు భలే సంతోషంగా ఉండేది.

ఒకరోజు ఒక క్యాచ్ దగ్గర పట్టినవాడి చేతులకు ఇంకొకడి వీపు అడ్డం వచ్చింది. నేను చివరి మీట నొక్కి తర్వాతి వీడియోకు పోయాను.

"గదేంది నొక్కినవ్?"

"కనిపించడం లేదు అని."

"గట్ల నొక్కితె నీ మీద రిపోర్టు రాయరా?"

"రాయరు బాపూ. కనబడకున్నా కనబడ్డదని పెడితె రాస్తరు."

ఆయన ఆ రోజు ఇంకో క్యాచ్‌కు తీర్పు చెప్పలేదు. కాసేపటికి, "గనిల గసొంటి మీట లేకుండె," అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజుల తర్వాత అన్నం తిన్నాక చెప్పాడు.

"మీ మామ క్యాచ్ నేను చూడలే."

నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

"బౌలర్ బంతి ఏసి నా ముందట్నుంచి అడ్డం ఉరికిండు. బంతి లేసుడు చూసిన. మీ మామ లేసుడు చూసిన. నడుమ ఏమైందో చూడలే. అనుమానముంటె బ్యాట్స్‌మన్‌కే ఇయ్యాలె. నాటౌట్ తప్పు కాదు."

"మరి నేలకు తగిలిందని ఎందుకన్నవ్?"

"అడిగిండు గదనే." దగ్గు ఆగేదాకా ఆగాడు. "గనిల సర్దార్ చూడలేదంటె పని చెయ్యలేదన్నట్టు. సస్పెండే. పైకప్పు చూసినవా అంటె చూసిన అనాలె, చూసే అనాలె. ముప్పయేండ్లు అదే నోరు. అడగంగనే అదే వచ్చింది. రెండో అంపైర్ పక్కనే ఉండె, అడగచ్చు. అది గూడ యాదికి రాలే."

"మామకు ఫోన్ కలపనా?"

"జర ఆగు," అన్నాడు.

ఆగాను. మూడు వారాల తర్వాత ఆయన పోయాడు. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. చనిపోయినవాళ్ల గురించి రాసిన పుస్తకాలు నేను కొన్ని చదివాను. వాటిలో చాలామంది చెప్పాల్సిన మాట చెప్పాల్సినవాళ్లకే చెప్పి పోతారు. బాపు నాకు చెప్పి పోయాడు.

కార్యాలన్నీ బెల్లంపల్లి ఇంట్లోనే. అక్కడ ఆ పది రోజులూ పాత కార్మికులు వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లలో బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసిన ముసలాయన రోజూ వచ్చేవాడు. "ముప్పయేండ్లల్ల ఒక్క తప్పు సంతకం పెట్టలే. ఒక్క తప్పు వేలు లేపలే," అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. తెల్లకోటు ఇంకా గోడకు తగిలించే ఉంది. మామను రప్పించగలిగిన మాట నా దగ్గర ఒకటే ఉంది. అది చెబితే ఈ ముసలాయన మాట అబద్ధమవుతుంది. ఏడో రోజు దాకా ఏం చేయాలో తేల్చుకోలేకపోయాను. ఆ రోజు మా చిన్నమ్మ, అంటే బాపు తమ్ముడి భార్య, ఎందుకైనా మంచిదని తన అన్నతో ఒక చీర తెప్పించి అల్మారాలో పెట్టింది. అవ్వ అది చూసి గోడ వైపు తిరిగింది. మర్నాడు పొద్దున్నే నేను బస్సెక్కాను.

మంచిర్యాలలో మారి, జన్నారం, ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నమైంది. మైలలో ఉన్నదాన్ని కాబట్టి మామ ఇంటికి పోకుండా మిల్లుకే వెళ్లాను. గేటు ముందు పత్తి ట్రాక్టర్లు వరుసగా ఆగి ఉన్నాయి. మామ కనుబొమల మీద, చెవుల మీద దూది. నన్ను చూసి రుమాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మైల్ల గింత దూరం ఎందుకొచ్చినవ్ బిడ్డా? ఫోన్ చేస్తె అయిపోవు."

"ఫోన్ల వస్తననలే కద మామా."

టీ చెప్పాడు. గేటు పక్కన రాళ్ల మీద కూర్చున్నాం.

"అక్క పంపిందా?"

"లేదు. నీ చీర కాకుంటె ఏదీ కట్టనన్నది. నేనే వచ్చిన."

"తొక్కనని ఒట్టు పెట్టిన బిడ్డా. ఆయన పోయిండని ఒట్టు పోతదా?"

దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. బాపు అన్నది అన్నట్టుగా చెప్పాను. బౌలర్ అడ్డం రావడం, గనిలో నోరు, రెండో అంపైర్ యాదికి రాకపోవడం, అన్నీ. మామ టీ గ్లాసు రాయి మీద పెట్టాడు.

"చూడలేదా?"

"చూడలేదట."

"చూడకుండనే గంతమంది ముందట చూసిన అన్నడా?" గొంతు పెరిగింది. ట్రాక్టరతను ఏదో అడగబోతే మరాఠీలో తిట్టి పంపాడు. "పందొమ్మిదేండ్లు! క్యాంటీన్ల నన్ను నవ్వులపాలు చేసిన్రు, అది పోనీ. నేను ఎన్నిసార్లు అనుకున్ననో ఎరికేనా? బావ అబద్ధమాడడు. గంత పక్కా చెప్తుండంటె నిజంగనే తగిలిందేమో, నా వేళ్లకే తెల్వలేదేమో అని. నా వేళ్ల మీద నాకే అనుమానం పెట్టిండు."

రుమాలు తీసి ముఖం మళ్లీ తుడుచుకున్నాడు.

"నీకెప్పుడు చెప్పిండు?"

"నెల కింద."

"నెల కింద! అప్పుడు ఫోన్ చేస్తె ఉరికొస్తుంటి గదనే."

"ఆగుమన్నడు మామా."

"ఆయన ఆగుమన్నడు, నువ్వు ఆగినవ్. మంచిగున్నది."

ఆయన లేచి, చల్లారిన టీ పారబోసి, నన్ను బస్టాండు దాకా బండి మీద దింపాడు. బస్సు కదిలేముందు, "మరి వస్తవా మామా?" అని అడిగాను.

"చూస్త," అన్నాడు.

అవ్వకు అదే మాట చెప్పాను. ఏం చెప్పి వచ్చానో అవ్వ అడగలేదు.

పదకొండో రోజు కార్యం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం వాకిట్లో టెంటు కింద భోజనాలు పెట్టారు. అవ్వ లోపల పీట మీద కూర్చుని ఉంది. తను ఆ చీర కట్టనిది ఇంట్లో ఆడవాళ్లెవరూ ముద్ద ముట్టకూడదు. చిన్నమ్మ అల్మారాలో నుంచి కవరు తెచ్చింది.

"పొద్దు తిరిగిపోతున్నది అక్కా. ఎవలదైతేంది, చీర చీరే గద."

"నీకు చీరే," అంది అవ్వ. "ఆకలైతె నువ్వు తిను."

"గట్లెట్ల తింటనక్కా!"

ఇంకో గంట గడిచింది. నేను రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆటో దిగుతూ కనిపించాడు. వెంట అత్త, చేతిలో సంచి. గడప ముందు ఆగాడు. ఒట్టు గుర్తొచ్చిందో, కాళ్లు రాలేదో. అవ్వ లోపలి నుంచే చూసింది.

"కాళ్లు కడుక్కోని రా. దుమ్ము కొట్టుకొచ్చినవ్."

కడుక్కుని లోపలికి వచ్చాడు. తెచ్చింది సన్నని అంచున్న ముదురు నీలం చీర. తెల్లది తేలేదేమని ఎవరో గొణిగారు. "మా అక్కకు తెల్లది నప్పది," అన్నాడు మామ. అత్త, చిన్నమ్మ కలిసి అవ్వకు చీర కట్టించారు. కొత్త చీర బిరుసుగా ఉండి కుచ్చిళ్లు నిలవలేదు. ఇద్దరూ రెండుసార్లు విప్పి కట్టారు.

తర్వాత మామ బయట పంక్తిలో కూర్చున్నాడు. నేను మజ్జిగ పోస్తున్నాను. బాపు షిఫ్టు ముసలాయన ఎదురు వరుసలో ఉన్నాడు.

"ఏంరో మిడాన్! మొత్తానికి దిగినవ్. గిప్పుడన్న నిజం చెప్పు. గా బంతి నేలకు తగిలిందా, లేదా?"

పంక్తి అంతా నవ్వింది. నా చేతిలో గిన్నె ఆగిపోయింది. బావ చూడలేదన్న ఆ ఒక్క మాట చెబితే పందొమ్మిదేళ్ల నవ్వులు తిరిగి వాళ్ల మీదే పడతాయి. చెప్పే హక్కు అతనికి ఉంది. ఆ హక్కు ఇచ్చి వచ్చింది నేనే. మామ తలెత్తి నన్ను చూశాడు.

"బావ నాటౌట్ అన్నడు," అన్నాడు. "నాటౌటే."

"మరి గిన్నేండ్లు గా అలుగుడేందిరా?"

"చిన్నోన్ని కద, అలిగిన. నువ్వు ముందు పండ్ల సెట్టు పెట్టించుకో తాతా, పప్పుచారు తాగుడే అయితున్నది నీకు."

ఈసారి నవ్వు ముసలాయన మీదికి పోయింది. నేను మజ్జిగ పోస్తూ ముందుకు కదిలాను. అమెరికా వాళ్ల ఆటలో తేలని తీర్పును నిలబెట్టేది ఆధారం లేక. మామ చేతిలో ఆధారం ఉంది. అయినా నిలబెట్టాడు. ఆ తేడా ఏ మీటతో గుర్తు పెట్టాలో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున అవ్వను నిద్రకు తీసుకుపోతున్నారు. బస్టాండులో సంచులు పైకి అందించాను. అవ్వ కిటికీ పక్కన, మామ ఆ పక్కన, అత్త వెనక సీట్లో. డ్రైవర్ ఇంకా ఎక్కలేదు. మామ అవ్వ మీదుగా కిటికీ వైపు వంగి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఇగో బిడ్డా, నీకొక్కదానికే చెప్తున్న. పట్టిన."

"సరే మామా."

"సరే కాదు, చూడు." రెండు అరచేతులూ చాపి, వేళ్లు కిందికి పెట్టి, లేని బంతిని పట్టి చూపించాడు. "గిట్ల. గీ రెండు వేళ్లు పూర్తిగ కిందున్నయ్. మట్టి గోర్లల్లకు పోయింది. తగిలింది బంతి కాదు, నా వేళ్లు."

అవ్వ ఆ చేతులను పక్కకు తోసింది. "బస్సుల జనం చూస్తున్నరు. చేతులు దించు, కండక్టర్ వస్తుండు."